పొగలేని ప్రాంగణంలో బాపు

మా విశ్వవిద్యాలయాన్ని పొగరహిత ప్రాంగణంగా ప్రకటించాక, ఆ నియమం ఎంతవరకు పనిచేస్తోందో చూసి చెప్పే పని నా నెత్తిన పడింది. పొగ తాగని వాణ్ణి నేనొక్కణ్ణే దొరికానట. కరీంనగర్ ఎండలో ప్రాంగణమంతా తిరిగాను. అన్నిచోట్లకన్నా ‘పొగ తాగరాదు’ బోర్డు కిందే సిగరెట్ పీకలు ఎక్కువ. నీడ అక్కడే ఉంది మరి, ఎవరిని అని ఏం లాభం! అక్కడే నిలబడ్డ తోటి అధ్యాపకుణ్ణి నియమం ఎట్లా ఉందని అడిగితే, ఒక దమ్ము లాగి, తీరిగ్గా ఆలోచించి, “మంచిగనే పనిచేస్తుంది సార్” అన్నాడు.

నివేదిక సంగతి సరే, నా భయమంతా మా నాన్న, మేమంతా పిలిచే బాపు గురించి. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై మా ఇంట్లోనే ఉంటున్నాడు. దగ్గు ఆగదు, బీడీ ఆగదు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, మానకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు. బతిమాలాను, అరిచాను, కట్టలు దాచాను. ఆయన నాకన్నా బాగా దాచుకున్నాడు. కనీసం ఒక గంటైనా బీడీ లేకుండా గడుపుతాడని ఓ పొద్దున ప్రాంగణానికి వెంటబెట్టుకుపోయాను.

గేటు దగ్గర బోర్డు చూడగానే బాపు ఆగాడు. జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి గార్డు చేతిలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. గార్డు బిత్తరపోయాడు.

“ఏందే పెద్దయ్యా, ఏమైంది?”

“జేబులు చూడవా? చూడకుండ లోపలికి ఎట్ల పంపుతవ్?” అని బాపు గద్దించాడు.

గనిలో గ్యాసు అంటుకోకుండా, బాయిలోకి దిగే ముందు అగ్గిపెట్టెల కోసం రోజూ జరిగే సోదా అది. గార్డు నా మొహం చూసి, భయం భయంగా జేబులు తడిమాడు. బాపు తృప్తిగా లోపలికి నడిచాడు. గంటసేపు తిరిగినా బీడీ ఊసే ఎత్తలేదు. నేను సంతోషం పట్టలేకపోయాను.

తిరిగొచ్చేటప్పుడు కట్ట అడిగి తీసుకున్నాడు. ఇంటికొచ్చి వాకిట్లో కూర్చోగానే ముట్టించాడు. నాకు ఒళ్లు మండింది.

“అక్కడ ఆగినోనివి, ఇంట్ల ఎందుకు ఆగవు బాపూ?”

“గక్కడ బోర్డు వెట్టిండ్రు. అంటే బాయి లెక్కనే. బాయిల అగ్గిపుల్ల గీస్తె నేనొక్కన్నే సస్తనా? పక్కోడు గుడ సస్తడు. ఇంట్ల తాగితె సచ్చేది నేనే గద, నీకేం ఫికర్?”

“ఇంట్ల నీ పక్కన మేం లేమా? నీ మనుమరాలు గుడ దగ్గుతనే ఉన్నది.”

బాపు బీడీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. దాన్ని నేలకేసి నలిపేశాడు.

“గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలే?” అని నా మీదికే లేచాడు. “ఎప్పుడు జూడు, నీ పానం పోతది, నీ పానం పోతది అంటివి!”