చెల్లెలి సీటు

స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఆమెను అందరూ టేపక్క అనేవారు. మెడలోని కొలతల టేపు తీయడం మరచిపోయి అలాగే బస్సెక్కేసేది, అదీ సంగతి. తల్లి పోయేనాటికి ఆమెకు కాలేజీలో చేరే వయసు, చెల్లెలికి పాలపళ్లు ఊడే వయసు. తండ్రి అంతకుముందే ఎటో వెళ్లిపోయాడు. ఆమె చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. వెళ్లి కాలర్లు కుట్టే మిషను ముందు కూర్చుంది.

అప్పటి నుంచి ఆశలన్నీ చెల్లెలి మీదే పెట్టుకుంది. అది కంప్యూటర్ సైన్సు చదవాలి, ఏసీ గదిలో పనిచేయాలి, ఒకరి నోటికి జడవకుండా బతకాలి. వర్క్‌షాపులో ఈ మాట వినని మనిషి లేడు. చెల్లెలూ ఏనాడూ కాదనలేదు. మార్కులు బాగా తెచ్చుకునేది. రాళ్లు ఏరుకొచ్చి కిటికీ గట్టు మీద పేర్చుకునే పిచ్చి మాత్రం ఉండేది. రోడ్డు వెడల్పు చేయడానికి వీధి చివరి గుట్టను నిలువునా కోసినప్పుడైతే, స్కూలు వదలగానే అక్కడికే పరిగెత్తి, ఆ కోతలో పొరలు పొరలుగా తేలిన రంగులు చూస్తూ నిలబడిపోయేది. చిన్నపిల్ల, ఆడుకుంటోందిలే అనుకునేది అక్క.

సీట్లు ఇచ్చే రోజున ఇద్దరూ పొద్దున్నే వెళ్లారు. హాలు కిక్కిరిసి ఉంది. ఏ కోర్సులో ఎన్ని సీట్లు మిగిలాయో గోడ మీది తెరపై కనిపిస్తోంది. కంప్యూటర్ సైన్సు అంకె తగ్గినప్పుడల్లా అక్క ముందున్నవాళ్లను మళ్లీ లెక్కపెడుతోంది. చెల్లెలు తెర వైపే చూడడం లేదు. అరచేతులు ఒళ్లో రుద్దుకుంటూ కూర్చుంది.

వీళ్ల పిలుపు వచ్చేసరికి అందులో రెండే సీట్లున్నాయి. అమ్మయ్య అనుకుంది అక్క.

"ఏది తీసుకుంటావమ్మా?" అన్నాడు బల్ల వెనక గుమస్తా, తలెత్తకుండానే.

"జియాలజీ," అంది చెల్లెలు.

అప్పుడు తలెత్తాడు. "నీ మార్కులకు కంప్యూటర్ సైన్సు వస్తోంది. చూసుకునే చెబుతున్నావా?"

"చూసుకునే చెబుతున్నానండి."

అక్క బల్ల మీదికి వంగింది. "కంగారులో ఏదో అందండి. కంప్యూటర్లే రాయండి."

"కంగారేం లేదక్కా."

గుమస్తా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బయటికెళ్లి తేల్చుకోండి. తర్వాతి నంబరు వాళ్ల పనయ్యేదాకా ఆపుతాను, ఆపైన నా చేతిలో లేదు. పెద్దవాళ్ల సంతకం లేకుండా మాత్రం ఏదీ ఇవ్వను."

కోపం వస్తే అక్క గొంతు తగ్గిపోతుంది. మెట్ల మీదికి వచ్చాక ఆమె మాట సగం గాలిలాగే వినిపించింది.

"రాళ్ల గురించి చదివి ఏం చేస్తావే?"

"తెలీదు. కానీ అదే చదువుతా."

"మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే నాకు నోరు రాలేదు. నీకు అన్యాయం చేస్తున్నానేమో అనిపించేది."

"చేస్తున్నది అదే కదా."

అనేశాక అక్కకే నోరు చేదైంది. అయినా ఆగలేకపోయింది. "ఇష్టమట, ఇష్టం. నా ఇష్టం ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు," అంది చెల్లెలు. "నీకేం చదవాలని ఉండేదక్కా?"

అక్క లోలోపల వెతుక్కుంది. తల్లి మంచం, చెల్లెలి స్కూలు బూట్లు, మొదటిసారి సూది దిగిన వేలు, అన్నీ గుర్తొచ్చాయి. ఫలానాది కావాలని తను అనుకున్న రోజు ఒక్కటీ తగల్లేదు. ఒళ్లంతా మండింది. ఎవరి మీద మండిందో ఆమెకే తెలియదు. దీనికి కావలసిందేదో దీనికి తెలుసు. తెలిసిన పిల్ల నోరు తన చేత్తోనే నొక్కాలా?

లోపల కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఇంకో నంబరు పిలుస్తున్నారు.

"రేపు ఉద్యోగం రాలేదని నా దగ్గర ఏడిస్తే ఊరుకోను," అని గిరుక్కున తిరిగి హాల్లోకి వెళ్లి సంతకం పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు.

అక్క భయం వట్టిది కాదు. చదువంతా అయ్యాక కూడా చెల్లెలికి చాలాకాలం ఉద్యోగం రాలేదు. ట్యూషన్లు చెప్పుకుంది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఏమైనా అంటే గొడవ, అనకపోతే ఉక్కపోత. ఒక సాయంత్రం చెల్లెలు వర్క్‌షాపుకు వచ్చి, ఖాళీ మిషను ముందు కూర్చుని గుడ్డ సర్దుకుంది. అక్క వచ్చి స్విచ్చి ఆపేసింది.

"లే. నిన్నిక్కడ కూర్చోబెట్టడానికి కాదు నేను సంతకం పెట్టింది."

ఆ తర్వాతి ఎండాకాలంలో ఉద్యోగం దొరికింది. పెద్ద కట్టడాలకు పునాదులు తీసేముందు బోర్లు వేసి నేల లోపలి పొరలు పరీక్షించే సంస్థ అది. జీతం అక్క కలలుగన్నంత లేదు. ఏసీ గది అసలే లేదు.

ఒకసారి అక్క ఆ పనిచోటు చూడడానికి వెళ్లింది. బోరు మిషను రొదలో, నెత్తిన హెల్మెట్‌తో, చెల్లెలు పనివాళ్లకు గట్టిగా ఏదో చెబుతోంది. వాళ్లు మిషను ఆపి, ఆమె చెప్పింది విని మళ్లీ మొదలుపెట్టారు.

గేటు దగ్గర కాపలా మనిషి అడ్డుకున్నాడు. "ఎవరు కావాలమ్మా?"

"ఆవిడ అక్కని," అంది ఆమె, లోపలికి చూపిస్తూ.

చెల్లెలిని ఆవిడ అనడం అదే మొదటిసారి. అన్నాక తనకే వింతగా తోచింది. దగ్గరికి వెళ్లగానే మాత్రం, "ఆ దుమ్మేంటే, మూతికి గుడ్డ కట్టుకోలేవూ?" అని మొదలుపెట్టింది.