మూడు గోళ్ల అడుగు

మా మేనమామ ఎడమ చెంపను ఆయన జీడితోటలోనే ఎలుగుబంటి చీరేసింది. అయిదు గోళ్లకు అయిదు గీతలు. పలాసలో వాటిని కుట్టిన దారంతో ఒక పంచె నేయొచ్చని మందస బస్సులో నేను చెబితే, వెనక సీటువాళ్లు కూడా లేచి నిలబడి విన్నారు. మావ మాత్రం తక్కువ తిన్నాడా? కింద పడి కూడా చేతిలో కత్తి ఝుళిపించి, దాని ముందరి కాలి గోళ్లు రెండు తెగ్గొట్టాడు. అప్పటినుంచి తోట ఇసకలో మూడు గోళ్ల అడుగు. ఉద్దానం తోటలన్నీ వదిలేసి మావ కాపలా పాక చుట్టూనే.

పిక్క తీసేశాక జీడిపళ్లను ఎవరైనా దూరంగా గొయ్యి తీసి పూడుస్తారు. పులిసిన వాసన తగిలితే ఎలుగు వస్తుంది. ఆ ఏడు మావ పళ్లన్నీ తెచ్చి పాక గుమ్మం ముందే పోశాడు. మహేంద్రగిరికి తమ్ముడు పుట్టినంత గుట్ట. పక్కన గొడ్డలి.

నన్ను వెంటబెట్టుకుని అన్నం తెచ్చిన అత్త గిన్నె కింద పెట్టలేదు.

"ఏటి సేత్తన్నావు?"

"అది సావాల, నేకపోతే నాను సావాల."

"మరి నానేటవ్వాల?"

మావ కుట్ల సందులోంచి బుస్సుమని ఊపిరి వదిలాడు. నవ్వుదామనుకున్నాను. కానీ నా వీపున వెంట్రుకలు లేచాయి.

తర్వాత కొద్ది రోజులకే ఎలుగు టెక్కలి రోడ్డు పక్క నేలబావిలో పడి చచ్చిందని కబురొచ్చింది. ముగ్గురం వెళ్లాం. తాళ్లతో పైకి లాగి పడుకోబెట్టారు. ముందరి కాలికి మూడు గోళ్లే.

"పీడ ఒగ్గేనాది," అంది అత్త, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

మావ వంగి, ఆ కాలిని తన చెంపకు ఆనించుకున్నాడు. మూడు గోళ్లూ మూడు గీతల్లో అతికినట్టు కూర్చున్నాయి. రెండు గీతలు ఖాళీగా మిగిలాయి.

ఈ ఏడు కూడా పళ్లు గుమ్మం ముందే పోశాడు.

"అది సచ్చిపోనాది కదా మావా, ఇంకెవులికి?"

"సచ్చింది అదిరా. నాను కాదు."

అత్త ఇప్పుడు పాక దాకా వెళ్లదు. అన్నం గిన్నె తోట గట్టు మీద పెట్టి, కేకేసి, వెనక్కి జరిగి నిలబడుతుంది. పొదలు కదిలి, బయటికొచ్చింది మనిషేనని తేలేదాకా ఊపిరి తీసుకోదు.