బ్లాస్టింగ్ వేళ సాహిత్య విమర్శ

మా చిన్న యూనివర్సిటీ తెలుగు శాఖలో ఆ మధ్యాహ్నం నేను సెమినార్ పత్రం చదవాలి. పోయినసారి భయంతో రెండో పేజీలోనే చదవడం ఆపి కూర్చుండిపోయాను. అక్కడికి బస్సులో వెళ్తుంటే గోదావరిఖని దాటాక, ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ వేళ కావడంతో గార్డు ఎర్రజెండా చూపి మా బస్సును ఆపాడు. సైరన్ మోగింది. పక్కసీటు అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"భయమైతాంది బిడ్డా. చేతిల కాయితాలున్నయి గద, గట్టిగ చదువు."

"ఇది సాహిత్య విమర్శ అవ్వా. భయం ఇంకింత పెరుగుతది."

"ఏదైతేంది, చదువు!"

మొదటి పేజీ నుంచి గట్టిగా చదివాను. నేల అదిరింది, కిటికీలు గలగలమన్నాయి. నేను ఆగబోతే ఆమె చేయి గుంజింది.

బస్సు కదిలింది. "అయిపోయిందవ్వా," అన్నాను.

"బాంబులైనయి. నీది కాలే. చదువు."

శాఖలోనూ ఆపకుండా చదివేశాను. ఇద్దరు ఆచార్యులు కునికిపాట్లు పడ్డారు. ఇంకా చదవమని మాత్రం ఎవరూ అడగలేదు.