ముందు గది దూలం మీది గూళ్ళు

పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీలో మా వీధికి చేపలు తెచ్చే మనిషిని నేను రెండేళ్ళు అనుమానించాను. ఆమె మా ఇంటి నుంచి ఏమీ తీసుకోలేదు. తీసుకోవడానికి రోజూ చూసిపోతోందని నా నమ్మకం.

జమీందారీలు రద్దయ్యాక నాన్నగారు శ్రీకాకుళం వైపు ఉన్న మేడనూ తోటలనూ వదులుకుని, ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, కలప డిపోలో గుమాస్తాగా చేరారు. గుమాస్తా అనే మాట మా ఇంట్లో పలికేవాళ్ళం కాదు. "ఆఫీసు వ్యవహారాలు" అనేవాళ్ళం. వెంట తెచ్చుకున్న వాటిలో చెప్పుకోదగ్గది తాతగారి కుర్చీ ఒక్కటే. చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న ఆ ఇంటికి అది మరీ పెద్దది. ద్వారబంధం ఊడదీస్తే గానీ లోపలికి రాలేదు. దానిలో ఎవరూ కూర్చునేవారు కారు, నాన్నగారితో సహా.

ఆ కుర్చీకి సరిగ్గా పైన, దూలాన్ని ఆనుకుని, చిన్న నల్ల పిట్టలు గూళ్ళు కట్టాయి. తెల్లని పొట్ట, కొడవలి లాంటి రెక్కలు. ఇక్కడివాళ్ళు వాటిని హవాబిల్ అంటారు. అద్దం లేని వెంటిలేటర్ లోంచి వచ్చిపోయేవి. రెట్టలు కుర్చీ మీద పడుతున్నాయని అమ్మ చీపురు ఎత్తితే నాన్నగారు వారించారు. "గుహల్లో ఈ గూళ్ళ కోసం మనుషులు ప్రాణాలకు తెగించి ఎక్కుతారు. విదేశాల్లో వీటితో సూపు కాచుకుంటారట. అలాంటివి మనల్ని వెతుక్కుంటూ వచ్చాయి," అన్నారు. అమ్ముదామన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. అమ్ముకోవడం మా వంశంలో లేదు. ఉండటం వేరు, అమ్ముకోవడం వేరు.

అమ్మా నాన్నగారూ పోయాక ఇల్లు, కుర్చీ, గూళ్ళు నాకు మిగిలాయి. నేను కుర్చీ మీద దుప్పటి కప్పి, నడవలోంచి ముందు గదికి వెళ్ళే తలుపుకు తాళం వేశాను. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు తల పైకెత్తినా గూళ్ళ కోసమేననుకునేదాన్ని.

చేపల మనిషి అయితే తల దించేదే కాదు. మా ఇంటికి చేప ఎప్పుడూ పెరటి దారినే రావాలి. ఆమె పెరట్లో బేరం ముగించుకుని, గంప ఎత్తుకుని వీధిలోకి వచ్చి, మా ముందు మెట్ల మీద నీడ చూసుకుని కూలబడేది. మోకాళ్ళు పిసుక్కుంటూ వెంటిలేటర్ వైపు చూసేది. నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసి ఏదో గొణిగేది. లోపలి నుంచి పిట్టలు కిచకిచమనేవి. నేను కిటికీ సందులోంచి ఇదంతా గమనించేదాన్ని. లోపల ఎన్ని గూళ్ళున్నాయో అలా ఆరా తీస్తోందని నా లెక్క.

ఒక మధ్యాహ్నం తలుపు కొద్దిగా తీసి అడిగాను. "ఇక్కడెవరు కూర్చోమన్నారు?"

"మోకాళ్ళు కూకోమన్నాయి దీదీ," అంది నవ్వుతూ.

ఆ పిలుపు నాకు గిట్టేది కాదు. మా ఊళ్ళో అయితే ఆమెలాంటివాళ్ళు గేటు బయట నిలబడి అమ్మగారూ అని పిలిచేవారు. ఈ దీవుల్లో అందరికీ అందరూ భయ్యాలు, దీదీలే.

నేను తలుపు మూయబోతుంటే ఆమె అంది. "ఏటి దీదీ, పిల్లలు పుట్టేసినాయి కదా లోపల?"

పిల్లలున్న మాట నాకే నాలుగు రోజుల కింద తెలిసింది. "నీకెవరు చెప్పారు?"

"ఆటి మాటే సెప్తంది. మొన్నటి దాకా తల్లి గమ్మున దూరిపోయీది. ఇప్పుడు కిడ్కీ కాడికి రాకముందే పిలస్తంది, లోపల్నించి జవాబొస్తంది. మా ఆయన సముద్రంలో పిట్టల కూత ఇనే వల ఏసీవోడు. నాకూ అదే అలవాటైపోనాది."

నేను ఒక్క ముక్కా నమ్మలేదు. చెవులతో ఇన్ని సంగతులు తెలుసుకునే మనిషి ఉంటుందా? తలుపు సందులోంచి చూసి ఉంటుంది, లేదా ఎవరినో వెంటిలేటర్ దాకా ఎక్కించి చూడమని ఉంటుంది. ఆ సాయంత్రమే ముందు గదిలో నిచ్చెన వేసుకుని వెంటిలేటర్‌కు గోనెపట్టా అడ్డంగా పెట్టి మేకులు కొట్టాను. చూరు కింద సందుంది కదా, పిట్టలు అటునుంచి వస్తాయిలే అనుకున్నాను. పొద్దుగూకే వేళ గోనె మీద రెక్కలు తపతప కొట్టుకున్న చప్పుడు వినబడింది. అలవాటు పడతాయని సర్దిచెప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పొద్దున్నే ముందు తలుపు దబదబ బాదారు.

"దీదీ! కిడ్కీ బంద్ సేసేసినావేటి? తల్లులు బయటే తిరగతన్నాయి, పిల్లలు లోపలుండిపోనాయి. తెరువు!"

నేను తలుపు వెనకే నిలబడ్డాను. "చేపకైతే పెరటి దారిన రా."

"సేప కాదు దీదీ, పిల్లలు సచ్చిపోతాయి. ఆటి ఏడుపు నీకినపడ్డం నేదా?"

"వినపడితే నేను చూసుకుంటాను. తలుపు తీయించి లోపలికి రావాలని ఈ ఎత్తు."

మెట్లు దిగిన చప్పుడైంది. తరువాత గొంతు కొంచెం దూరం నుంచి వచ్చింది. "నాను రాను. గంప ఇక్కడెట్టేసి, వీధి అవతల కూకుంటాను. మొకం అటేపు తిప్పుకుంటాను. నువ్వే ఎల్లి సూడు."

సందులోంచి చూశాను. గంప నడివీధిలో ఉంది. ఆమె అవతల రాతి మీద, ఇంటికి వీపు పెట్టి కూర్చుంది. ఒక కుక్క గంప చుట్టూ తిరుగుతున్నా వెనక్కి తిరగలేదు. చేప పోతే ఆ రోజు ఆమెకు బేరం లేనట్టే.

ముందు గది తాళం తీశాను. రోజూ నన్ను విసిగించే ఆ కిచకిచలు అప్పటికే ఆగిపోయాయి. దూలం మీద చప్పుడే లేదు. కుర్చీ మీది దుప్పటిపై ఒక పిల్ల పడి ఉంది. ఈకలింకా ముళ్ళలా ఉన్నాయి. నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు.

గోనెపట్టా మేకులతో సహా లాగేశాను. తల్లి పిట్టలు నా చెవి పక్కగా రివ్వున దూసుకొచ్చాయి. పైన ఒక్కసారిగా గోల మొదలైంది. కింద పడిన పిల్లను చేతిలోకి తీసుకుని నిచ్చెన ఎక్కాను కానీ, వెంటిలేటర్ దగ్గర నుంచి దూలం మీది గూడు అందలేదు. దిగి, ముందు తలుపు గడియ తీశాను.

"ఇటు రా," అన్నాను.

ఆమె చీర కొంగుకు చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. నిచ్చెన వైపు చూడనైనా లేదు. దుప్పటి పక్కకు లాగి, చేపల నీళ్ళ కాళ్ళతోనే తాతగారి కుర్చీ ఎక్కి నిలబడింది. నేను పిల్లను అందించాను. ఆమె టక్కుటక్కుమంటూ దాన్ని గూట్లో పెట్టింది.

"జాగ్రత్త," అన్నాను. "అవి విలువైన గూళ్ళు."

ఆమె కిందికి చూసింది. "ఎవరు సెప్పినారు?"

"మా నాన్నగారు."

ఆమె గూడు అంచున వేలు పెట్టి చూపించింది. "ఇది నాచు దీదీ. నాచు, గడ్డీ, ఉమ్మీను. ఆ గూళ్ళు తెల్లగుంటాయి, గుహల్లో. ఆ పిట్ట ఏరు. ఈటినెవడు కొంటాడు?" నా ముఖం చూసి నవ్వు ఆపుకుంది. "అయితే ఏటి, పిట్టలు మంచియి. మీ నాన్న మంచోడు, ఉంచినాడు కదా."

ఆమె చెప్పింది నిజమో, నా కాపలా మాన్పించి పిట్టల్ని బతికించుకోవడానికి ఆడిన అబద్ధమో నేను ఎవరినీ అడగలేదు. అడిగితే నాన్నగారి మాట బజారున పడుతుంది. వెంటిలేటర్ మాత్రం మళ్ళీ మూయలేదు. కుర్చీ మీది అడుగుల గుర్తులు తుడిచాను. ఒకటి పూర్తిగా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముందు మెట్ల మీద గంప దించిన చప్పుడైంది.

"చేప పెరటి దారిన," అన్నాను లోపలి నుంచే.

"ఎల్తన్నాను దీదీ, ఎల్తన్నాను." గంప మళ్ళీ లేచింది. పెరట్లో దాన్ని దించి, ఇల్లు చుట్టుకుని, ఖాళీ చేతులతో ముందు మెట్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. "పడినోడు తింటన్నాడా?"

నేను తలుపు తీసి, వినమన్నాను.