పెద్ద మేడం మడత

మా పెద్ద మేడం పోయారని మొన్న పొద్దున పాలు పోసే ఆమె వచ్చి చెప్పింది. నర్సింహులపేట సర్కారు బడికి ఆమె చాలాకాలం ప్రధానోపాధ్యాయురాలు. నేను ఆమె కింద తెలుగు పంతులుని. విన్నప్పటి నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను.

సర్కారు కట్టడం మీద ఎగరవలసింది జాతీయ జెండా ఒక్కటే. ఈ నియమం తెలియనివాడు లేడు, పాటించే తీరిక ఉన్నవాడూ లేడు. ఎన్నికలొస్తే బడి కప్పు మీద పార్టీ జెండా, పండుగొస్తే పండుగ జెండా. ఎవరిదైనా ఆమె దించేవారు. దించి విసిరేసేవారు కాదు. దుమ్ము దులిపి, కొత్త చీర మడిచినట్టు అంచుకు అంచు కలిపి, కట్టినవాడి ఇంటికి తానే తీసుకెళ్లేవారు.

"తమ్మీ, గిది నీ పార్టీ గద్దె మీద ఎగరేసుకో. బడి అందరిది."

"ఇంత మర్యాద ఎందుకు మేడం, బయట పడేయక?" అని ఒకసారి అడిగాను.

"బట్ట ఏం పాపం జేసింది సార్? రేపు వాని బిడ్డ గీ బళ్లెనే కూసోవాలె గద" అన్నారు.

అలా జెండా తిరిగి అందుకున్న తమ్ముళ్లలో ఒకాయనకు ఆ మర్యాదే అవమానమైంది. ఎన్నికలో గెలిచి, ఆమెను గంగారం అడవుల్లోకి బదిలీ చేయించాడు. మా పంతుళ్లలోనే కొందరు ఆయనకు దండలు వేసి వచ్చారు. వాళ్ల పేర్లు రాయను; ఇది చదువుతున్నారు, వాళ్లకు తెలుసు.

ఆయన మొన్న సాయంత్రం అంత్యక్రియలకు వచ్చాడు. పార్టీ మారాడు కనుక జెండా రంగూ మారింది. "మేడం మా ఊరికి తల్లి అసొంటిది" అని కళ్లు తుడుచుకున్నాడు. పోతూ పోతూ, ఆమె గౌరవార్థమట, బడి కప్పు మీద తన కొత్త జెండాను సగం ఎత్తున కట్టించాడు!

ఇప్పటి హెడ్మాస్టరును నిలదీశాను.

"ఎందుకు సార్ లొల్లి? గాలికి అదే చినుగుతది, ఊకోండి."

నిన్న గోడ పట్టుకుని మెట్లెక్కి నేనే దించాను.

ఆమె అయితే పొద్దు గూకక ముందే ఇచ్చి వచ్చేవారు. నాకైతే ఆయన ముఖాన కొట్టాలనే ఉంది. కానీ అలా కొడితే ఆమె అన్నేళ్లు నడిచి ఇచ్చిన జెండాలకు అర్థం లేదు. అందుకే మడుస్తున్నాను. ఒక మూల సరిచేస్తే ఇంకో మూల జారుతోంది, అంచుకు అంచు కలవడం లేదు. విప్పి, మంచం మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, మళ్లీ మొదటి నుంచి మడుస్తున్నాను.