థాయ్ ఉగాదిలో నేను పుచ్చుకున్న తీర్థం

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, నాలుగేళ్ల కిందటి మాట. అయినా అప్పటి నన్ను తలచుకుంటే ఎవరో పక్కింటి తిక్క కుర్రాణ్ణి చూసినట్టే ఉంటుంది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప మెట్లు చేసే వర్క్‌షాపులో వెల్డర్ని. మా ఫోర్‌మాన్ థాయ్‌లాండ్ పెద్దాయన. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఒకసారి రెయిలింగ్ పైపులన్నీ జానెడు పొట్టిగా కోసేసి, ముదీర్ (అంటే మా మేనేజరు) గద్దించగానే "ఉస్తాద్‌నే బోలా సాబ్" అని తప్పంతా ఆయన మీదికి తోసేశాను. (పచ్చి అబద్ధం. ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి!) ఉస్తాద్ పదిమందిలో తిట్లు తిన్నాడు గానీ నా పేరెత్తలేదు. ఆ రోజు నుంచి నాతో మాటలు మాత్రం బంద్. నెల రోజులు ఏ పనైనా వేలితో చూపించడమే. నాకు అన్నం సహించేది కాదు.

ఏప్రిల్‌లో వాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. ఉస్తాద్, ఆయన ఊరివాళ్లు ఓ పాతికమంది కలిసి, సెలవు రోజున తమ క్యాంపులోనే ఊరి పండుగ చేసుకుంటున్నారు. నా రూమ్మేట్ జగిత్యాల అన్న నన్ను లేపి, "అరేయ్, ఇయ్యాల ఆళ్లు పెద్దోళ్లను మాఫీ అడుగుతరంట. నువ్వు గూడ పోయి అడుగు, ఖలాస్. ఎన్నొద్దులు గిట్ల మొఖం ఏలాడేసుకొని తిరుగుతవ్?" అని తరిమాడు.

వెళ్లేసరికి వాకిట్లో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు. ఎవరో నా చెంపలకింత తడి సుద్ద పూశారు. లోపల పెద్దవాళ్లు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. లైన్లో నిలబడితే నాకు ముందువాళ్ల వీపులే కనబడుతున్నాయి. లేచి వచ్చేవాళ్ల నెత్తి మాత్రం తడితడిగా ఉంది. నా వంతొచ్చి మోకాళ్ల మీద కూర్చోగానే ఒకతను మల్లెపూలు తేలుతున్న గిన్నె చేతికిచ్చాడు. ఇంకేముంది, తీర్థం! కుడి అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని, ముమ్మారు జుర్రి, చెయ్యి నెత్తికి రాసుకున్నాను. తీరా చూస్తే అది అత్తరు నీళ్లు. గొంతు భగ్గుమంది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఉస్తాద్ దోసిలి పట్టుకుని ఉన్నాడు. (నీళ్లు పోయాల్సింది ఆ చేతుల మీదట.)

"అరే పాగల్, పీనా నహీ!" అని అరిచాడు. నెల తర్వాత నాతో ఆడిన మొదటి మాట! పాతికమందీ పడీపడీ నవ్వారు, ఆయనతో సహా. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి (దగ్గు ఒక్కటే కారణం కాదు). మిగిలిన నీళ్లు ఆయన చేతుల మీద పోస్తూ, "కొలత తప్పు నాదే ఉస్తాద్, మాఫ్ కరో" అన్నాను.

"మాలూమ్ హై. పహలే దిన్ సే," అన్నాడు. మొదటి రోజు నుంచీ తెలుసట! తడి చెయ్యి నా నెత్తిన పెట్టాడు. తర్వాత తానే లేచి, వాళ్ల క్యాంపులో అంట్లు తోమే ముసలాయన ముందు మోకరిల్లి, ఆయన చేతుల మీద నీళ్లు పోశాడు. వర్క్‌షాపు మొత్తాన్ని ఆడించే మనిషి! ఎంత పెద్దరికమండీ అది! నాకు ఒళ్లు పులకరించింది.

ఉస్తాద్ వాళ్ల ఊరికి వెళ్లిపోయాక ఆయన జాగాలో నన్ను నిలబెట్టారు. ఎవడైనా తన తప్పు నా మీదికి తోస్తే, ఆయనలాగే తెలిసీ నోరు మూసుకుందామని ప్రతిసారీ గట్టిగా అనుకుంటాను. టీ వేళకల్లా ఆ తప్పెవడిదో వర్క్‌షాపంతటికీ చెప్పేసి ఉంటాను.