ఓబయ్య మేస్త్రిని రిలీవ్ చేసిన రోజు

మా ఆఫీసు పై అంతస్తులో కొత్తగా టైల్స్ పరుస్తున్నారు. అతికించిన ఒక్కో టైలునూ మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని సుత్తి పిడితో తట్టి చూస్తున్నాడు. గట్టిగా అతుక్కున్న చోట ఒక చప్పుడు, కింద ఖాళీ మిగిలిన చోట ఇంకో చప్పుడు. ఆ రెండోది, ఆ డొల్ల చప్పుడు, వినబడినప్పుడల్లా నా పని ఆగిపోతోంది. అది నాకు హైదరాబాదులో వినబడుతున్నట్టు లేదు. మార్కాపురం పలకల గనిలో, పట్టపగటి ఎండలో, మనిషన్నవాడు లేని గోడ వైపు నుంచి వస్తున్నట్టుంది. దాని వెంటే రహమతుల్లా సార్ గుర్తొస్తారు. కొంచెం వంగి, కుడిచెవి మన వైపు తిప్పి, మనం చెప్పేదంతా అయ్యేదాకా రెప్ప వేయకుండా చూసే మనిషి.

నేను గిద్దలూరు పిల్లను. ఎంబీఏ అయ్యాక నా మొదటి ఉద్యోగం మార్కాపురంలో పలకలు, బండలు తీసే ఒక కంపెనీలో. సిబ్బంది వ్యవహారాలు చూసే గదిలో ఉండేది మేమిద్దరమే, ఆయనా నేనూ. ఆయన పుట్టింది మార్కాపురంలోనే. ఎక్కడెక్కడో పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేసి, యంత్రాల రొదకు ఎడమచెవి పోగొట్టుకుని, రిటైరయ్యాక సొంతూరికి వచ్చారు. ఇంట్లో కూర్చోలేక ఈ ఉద్యోగంలో చేరారు. నన్ను బేటీ అనేవారు. గనిలో వాళ్లకు ఆయన సారు, బజారులో సగం మందికి మామ.

పెద్దసెట్టిగారు జబ్బుపడి మంచం పట్టాక కంపెనీ ఆయన కొడుకు చేతికి వచ్చింది. అందరూ చిన్నసెట్టి అనేవారు. తను ఒక మాట చెబితే అది గనిలోకి చేరేసరికి మారిపోతోందని ఆయన బాధ. తనకూ రాయి కొట్టేవాడికీ మధ్య ఎన్ని మెట్లున్నాయి, ఒక్కొక్కడి కింద ఎంతమంది ఉన్నారు, ఏ మెట్టు అనవసరమో తేల్చమన్నాడు. నేను రెండు రోజులు కూర్చుని చక్కగా ఒక చార్టు గీశాను. పైన సెట్టిగారు, కింద మేనేజర్లు, సూపర్‌వైజర్లు, మేస్త్రీలు, అడుగున కూలీలు. సార్ దాన్ని చూసి నవ్వారు.

"బొమ్మ బాగుంది బేటీ. కాగితం మీద మనుషులు సెలవు పెట్టరు, అలగరు, చావరు. పద, పోయి అడుగుదాం."

ఆయన అడిగే విధానం చాలా మామూలుగా ఉండేది. ప్రతివాణ్నీ పక్కకు పిలిచి, నీకు పని చెప్పేదెవరు, నువ్వు పని చెప్పేది ఎవరికి, ఆయన ఆపమంటే ఆపుతావా అని అడిగేవారు. పై ఉద్యోగి ఎదురైతే మాత్రం, "నీ కింద పనిచేసే వాళ్ల పేర్లు చెప్పు నాయనా" అనేవారు. అతను గబగబా మొదలుపెట్టేవాడు. ఎక్కడో ఒకచోట నోరు ఆగిపోయేది, కళ్లు పైకప్పు వైపు తిరిగేవి. సార్ నా వైపు చూసి తలూపేవారు. ఒక మనిషి ఎంతమందిని చూసుకోగలడో పుస్తకాల్లో నేను చదివిన లెక్కలన్నీ ఆ తల ఊపు ముందు తేలిపోయాయి. తర్వాత జీపులో కూర్చుని, "పేరు ఆగిపోయిన చోటే వాడి పెత్తనం ఆగిపోయినట్టు. ఆ తర్వాత ఉన్నవాళ్లు ఎవరి మాట వింటున్నారో కనుక్కోవాలి. ఎవరి మాటా వినకుండా మనిషి ఉండడు," అన్నారు.

కంపెనీకి మూడు గనులుండేవి. మూడింటికీ కలిపి ఒకే సూపర్‌వైజర్, కోటేశ్వరరావు. మొదటి రెండు గనుల్లో వాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పాడు. మూడో గని దగ్గరకు వచ్చేసరికి ఆగాడు.

"ఆడ ఓబయ్య మేస్త్రి చూసుకుంటాడు సార్," అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. "అంటే... చూసుకునేటోడు."

"ఇప్పుడు?"

కోటేశ్వరరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

మూడో గని దోర్నాల వెళ్లే రోడ్డు నుంచి లోపలికి, మిగిలినవాటికి దూరంగా ఉంటుంది. మేం వెళ్లేసరికి పొద్దెక్కింది. మిగిలిన గనుల్లో ఎప్పుడూ ఒక గోల ఉంటుంది, తిట్లు, నవ్వులు, సెల్‌ఫోన్లో పాటలు. ఇక్కడ ఉలి మీద సుత్తి పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. పాతికమందికి పైగా ఆడామగా లోపల పనిచేస్తున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. ఒకడు రాయి వదిలి పక్కకు జరిగితే, పిలవకుండానే ఇంకొకడు వచ్చి ఆ చోట కూర్చుంటున్నాడు. తీర్చిదిద్దినట్టు జరుగుతున్న ఆ పనిని చూస్తూ నేను సార్‌కు ఇంకొంచెం దగ్గరగా జరిగాను.

సార్ ముందుగా కాశయ్యను పిలిచారు. నెరిసిన మీసాల మనిషి, ఒళ్లంతా పలకల దుమ్ము.

"నీకు పని చెప్పేదెవరు కాశయ్యా?"

"ఓబయ్య మేస్త్రి."

"ఎక్కడున్నాడు?"

కాశయ్య ఉలితో గట్టు మీదికి చూపించాడు. అక్కడ ఒక చదునైన బండ, దాని మీద మడిచిపెట్టిన తువ్వాలు, పక్కన టీ గ్లాసు. గ్లాసులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

ఒక్కొక్కరినే విడిగా పిలిచి అడిగాం. అందరూ అదే పేరు చెప్పారు, అదే బండను చూపించారు. చివరికి రాళ్లు మోసే పిచ్చమ్మ మాత్రం మేం అడగకముందే చెప్పింది. "చచ్చిపోయినాడు సార్. ఆ రాయి మీద కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు. టీ తాగుతా తాగుతా. అందరం చూసినాం. నేనే గదా కండ్లు మూసింది."

"మరి ఇయ్యాల పని ఎవరు చెప్పినారమ్మా?"

"ఆయప్పే."

సార్ నవ్వలేదు, కసరలేదు. కుడిచెవి ఇంకొంచెం దగ్గరగా పెట్టి, "ఎట్ల చెప్పినాడు?" అని అడిగారు.

జవాబు పక్కనే పనిలో ఉన్న కాశయ్య ఇచ్చాడు. "తూరుపు గోడ కొట్టుకుంటా పోండి, నేను ఆపమనేదాకా ఆపొద్దు అన్నాడు సార్. ఆయప్ప చచ్చిపోయిన రోజు పొద్దున. ఇంకా ఆపమనలేదు గదా."

అప్పుడు తూర్పు గోడ వైపు చూశాం. ఓబయ్య పోయినప్పటి నుంచి, రెండేళ్లకు పైగా, ఆగకుండా కొట్టుకుంటూ పోయిన గోడ. అడుగంతా తొలిచేసి, పై భాగం పాముపడగలా వాళ్ల తలల మీదికి వంగి ఉంది. పైన గట్టు పొడుగునా ఒక చీలిక, అందులో గడ్డి మొలిచింది. టీ వేళయి అందరూ గట్టెక్కారు. నేను మాత్రం గోడ ఎంత లోపలికి పోయిందో చూద్దామని కిందికి దిగాను. లోపల చల్లగా, తడి పలక వాసనతో ఉంది. టక్, టక్ అని వినిపించింది. రాయి డొల్లో గట్టో తెలుసుకోవడానికి పలకల మేస్త్రీలు గోడను తడతారు చూడండి, అలాంటి చప్పుడు. ఆగి, కొంచెం పక్కకు జరిగి, మళ్లీ టక్, టక్. నేను పైకి చూశాను. అందరి చేతుల్లోనూ టీ గ్లాసులున్నాయి.

పైకి ఎలా వచ్చానో తెలియదు. సార్‌తో చెప్పాను. ఎండకు రాయి బిగిసీ వదిలీ అలా చప్పుడు చేస్తుందేమో అని కూడా నేనే అన్నాను. ఆయన తన ఎడమచెవి తట్టుకున్నారు. "ఈ పక్క నాకేం వినబడదు బేటీ. ఓబయ్య ఈ పక్కనే మాట్లాడతన్నాడేమో, నాకెట్ల తెలుస్తది?" అన్నారు. తమాషాకు అన్నారో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం మేం చార్టులోని మెట్లు కింది నుంచి పైకి ఎక్కడం మొదలుపెట్టాం. తూర్పు గోడ పని కానిమ్మన్నది ఎవరు? కోటేశ్వరరావు మేనేజర్‌గారన్నాడు. మేనేజర్, అది సూపర్‌వైజర్ చూసుకునే పని, పైవాళ్లు వద్దనలేదు కాబట్టి నడుస్తోంది అన్నాడు. చిన్నసెట్టి, "నేనెప్పుడూ చెప్పలేదే. నాయన చెప్పినట్టుంది," అన్నాడు. అందరం కలిసి పెద్దసెట్టిగారి మంచం దగ్గరకు వెళ్లాం. ఆయన గొంతు పీలగా ఉంది.

"మూడో గని గురించి మీకెందుకు దిగులు? ఆడ ఓబయ్య ఉన్నాడు గదా. వాడు చూసుకుంటాడు."

గుండె బలహీనంగా ఉందని ఆ చావు వార్త ఆయనకు ఎవరూ చెప్పలేదట. అందరికంటే పైనున్న మనిషీ, అందరికంటే కిందున్న మనుషులూ ఒక్కడినే నమ్ముకుని ఉన్నారు. మధ్యలో ఉన్న మెట్లన్నిటికీ ఆ విషయం తెలియనే లేదు.

చిన్నసెట్టి చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే పని ఆపమని ఫోను చేశాడు. ఆ మాట మేనేజర్‌కు, మేనేజర్ నుంచి కోటేశ్వరరావుకు, అతని నుంచి గనికి చేరింది. మర్నాడు పొద్దున మేం వెళితే ఎప్పటిలాగే సుత్తులు పడుతున్నాయి.

"ఆపమని చెప్పలేదా?" అన్నాను కాశయ్యతో.

"చెప్పినారమ్మా. చిన్నసెట్టి ఆపమన్నాడంట." అతను గట్టు వైపు చూశాడు. "మేస్త్రి ఆపమనలే."

అది వినగానే చిన్నసెట్టికి ఒళ్లు మండింది. అందరినీ మానిపించేసి యంత్రాలు దించుతానన్నాడు. వాళ్లలో చాలామందికి ఆ గని తప్ప వేరే బతుకు లేదు. దుక్కి దున్నుకుందామన్నా ఆ చుట్టుపక్కల వాన సరిగ్గా పడితే కదా. సార్ ఆయన్ను ఒక్క రోజు గడువు అడిగారు.

"కింది వాళ్లను పంపిస్తే పైవాడు పోడు సెట్టీ. మనం ఓబయ్యను రిలీవ్ చేయలేదు. అది మన తప్పు. ఉద్యోగం ఇచ్చినోళ్లమే దించాల."

మర్నాడు పొద్దున అందరం గనికి వెళ్లాం. చామంతిపూల దండ, ఒక శాలువా, కంపెనీ కాగితం మీద టైపు చేసిన ఉత్తర్వు. రిటైరయ్యే వాళ్లకు ఏం చేస్తామో అదే చేశాం. చిన్నసెట్టి చేతనే శాలువా కప్పించారు, ఆ బండకు. కూలీలంతా సుత్తులు కింద పెట్టి గట్టు మీద వరసగా నిలబడ్డారు. గాలి లేదు. సార్ ఉత్తర్వును బండ వైపు తిరిగి చదివారు. ఎంతకాలం పనిచేశాడో, ఎంతమందికి పని నేర్పాడో, అన్నీ. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మామూలు గొంతుతో అన్నారు.

"ఓబయ్యా, తూరుపు గోడ పని అయిపోయింది. ఆపేస్తన్నాం. ఇంక నువ్వు కాపలా ఉండబళ్లేదు. నీ పిల్లోళ్లను మేం చూసుకుంటాం. దిగిపో నాయనా."

లోపల ఎక్కడో చిన్న రాయి ఒకటి జారి, దొర్లి, ఆగింది. పిచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పుడు మేస్త్రి ఎవరు? మీరే చెప్పండి," అన్నారు సార్. అందరూ కాశయ్య వైపు చూశారు. అతను బండ దాకా వెళ్లి నిలబడ్డాడు. పక్కన పెట్టిన టీ గ్లాసు రెండు చేతులతో తీసుకుని, ఎవరినీ చూడకుండా గటగటా తాగేశాడు. తర్వాత వెనక్కి తిరిగి మొదటి మాట చెప్పాడు.

"లోపల సామాన్లు తీసుకోండి. ఇంక అటు పక్కకు ఎవురూ పోవద్దు."

అందరూ కదిలారు. తిరిగి వస్తూ పిచ్చమ్మ నాతో అంది, "ఆయప్ప మాట లేక చెవులు బోసిపోయినయమ్మా."

ఆ వానాకాలం మొదటి పెద్దవానకు తూర్పు గోడ మొత్తం కూలింది. అప్పుడు పని పడమటి వైపు జరుగుతోంది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ ధూళి రోడ్డు దాకా వచ్చిందని చెప్పుకున్నారు. సార్ రాసిచ్చిన నివేదికను చిన్నసెట్టి రెండుసార్లు చదివాడట. మెట్లు తగ్గించమని ఆయన అడిగాడు. సార్ ఒక్క మెట్టే తీసేశారు, మనిషి లేకుండా ఓబయ్య పేరు మీద నడుస్తున్న ఖాళీ మెట్టును. పైగా గనికొక మేస్త్రి ఉండాలని, కోటేశ్వరరావుకు పేర్లు గుర్తుండేంత మందే అతని కింద ఉండాలని, ప్రమాదం చూసినవాడు ఎవడైనా సరే పని ఆపొచ్చని రాశారు. అలాగే జరిగింది.

కొన్నేళ్లకు సార్ ఒంట్లో బాగాలేక ఉద్యోగం మానుకున్నారు. చివరి వారమంతా మూడు గనులూ, షెడ్లూ తిరిగి ప్రతివాడికీ ఎదురుగా నిలబడి చెప్పారు, "రేపట్నుంచి నేను ఉండను. నేను చెప్పినానని ఏ పనీ చేయొద్దు. ఇప్పుడున్నోళ్లను అడగండి." నాకూ అదే చెప్పారు. నేను ఏడుస్తుంటే తల మీద చెయ్యి పెట్టి, "నన్ను గుర్తు పెట్టుకో బేటీ. నా పేరు మీద పెత్తనం మాత్రం చెయ్యొద్దు," అన్నారు. ఆ చలికాలంలోనే పోయారు.

ఇప్పుడు నేనే ఊరూరా తిరిగి కంపెనీల్లో ఎవరు ఎవరి కింద ఉండాలో తేల్చి చెబుతుంటాను. వెళ్లిన ప్రతిచోటా, అందరూ పాటిస్తున్నా ఇప్పుడున్నవాళ్లెవరూ ఇవ్వని ఆజ్ఞ ఏదో ఒకటి కనబడుతుంది. దాని వెనక వెళ్లిపోయిన మనిషి ఎవరో ఉంటాడు. చిక్కు సమస్య ఎదురైనప్పుడు, సార్ అయితే ఇలా చేసేవారు అన్న మాట నా నాలుక చివరి దాకా వస్తుంది. మింగేస్తాను. ఎదురుగా ఉన్నవాళ్లను అడుగుతాను, వాళ్లతో కలిసి ఆలోచిస్తాను, నిర్ణయం నా పేరు మీదే ఇస్తాను. ఆయన నుంచి నేను నేర్చుకున్నదంతా ఇదే. కానీ ఒక్కోసారి, పట్టపగలు, నిండుగా మనుషులున్న గదిలో, ఇలా నడుచుకోవడం కూడా ఆయన చెప్పినందుకే కదా అన్న ఆలోచన వస్తుంది. అప్పుడు నా ఎడమ పక్కన ఎవరో కొంచెం వంగి, కుడిచెవి నా వైపు తిప్పి వింటున్నట్టుంటుంది. నేను అటు తిరిగి చూడను.